మొరాయించే రిమోట్ ట్రైన్ సెట్‌ను మళ్ళీ పట్టాలెక్కించడం ఎలా?

కొత్త రిమోట్ ట్రైన్ సెట్ మొదటి రోజు ఇల్లంతా సందడి చేస్తుంది. నాలుగు రోజులు పోయాక ఏదో ఒక మలుపు దగ్గర ఆగడం మొదలుపెడుతుంది. బటన్ నొక్కితే ఒకసారి కదులుతుంది, ఇంకోసారి కదలదు. వెనక్కి నడిపితే బోగీలు పడిపోతాయి. ‘ఇంజన్ పోయింది’ అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు, సెట్ అటకెక్కుతుంది. నిజానికి ఇంజన్ పోవడం అరుదు. కరెంటు సరిగ్గా అందకపోవడమో, పట్టాల కింద నేల సమంగా లేకపోవడమో, రిమోట్ సిగ్నల్ ఇంజన్‌కు చేరకపోవడమో అయ్యుంటుంది. విశాఖలో వీటికి తోడు సముద్రపు ఉప్పుగాలి ఉంది.

కింద చెప్పిన వరుసలోనే చూసుకుంటూ రండి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చాక రెండు రౌండ్లు తిప్పి చూడండి. సెల్స్ మార్చడం, పట్టాలు తుడవడం, బోగీలు తగ్గించడం అన్నీ ఒకేసారి చేస్తే బండి నడుస్తుందేమో గానీ, అంతకుముందు ఎందుకు ఆగిందో మీకు తెలియదు. మళ్ళీ ఆగిన రోజున మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ముందు మీ సెట్ ఏ రకమో తేల్చుకోండి

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇంజన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? రిమోట్ ఇంజన్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతోంది? రెండోదాని సంగతి రిమోట్ దగ్గర చెబుతాను, ముందు కరెంటు చూద్దాం.

మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి ఇంజన్ లోపలే సెల్స్ వేసుకునే రకం. వీటి పట్టాలు ప్లాస్టిక్‌వి, వాటిలో కరెంటు ఉండదు. రెండో రకంలో పట్టాలు లోహంతో చేసినవి, గోడ అడాప్టర్ నుంచి కరెంటు పట్టాల్లోకి, అక్కడి నుంచి చక్రాల ద్వారా ఇంజన్‌లోకి వెళ్తుంది. అమెరికాలో బాగా అమ్ముడయ్యే లయొనెల్ కంపెనీ లయన్‌చీఫ్ సెట్లు ఈ రకానివే.

ఈ రెండో రకంలో అర్థం చేసుకోవలసిన విషయం ఒకటుంది. పాత పద్ధతి సెట్లలో నాబ్ తిప్పితే పట్టాల్లో ఓల్టేజీ పెరుగుతుంది, దాన్ని బట్టి బండి వేగం పెరుగుతుంది. రిమోట్ సెట్లలో అలా కాదు. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి ఓల్టేజీ ఉంటుంది, ఎంత వేగంగా వెళ్ళాలో ఇంజన్ లోపలి సర్క్యూట్ నిర్ణయిస్తుంది. కాబట్టి పట్టా మీద చిన్న మురికి మచ్చ తగిలి క్షణంపాటు కరెంటు తెగితే, పాత ఇంజన్ ఒక్క కుదుపుతో దాటేసేది. రిమోట్ ఇంజన్‌లో సర్క్యూట్ మొత్తం ఆగి మళ్ళీ మొదలవుతుంది. హారన్, ఇంజన్ చప్పుడు మళ్ళీ మొదటి నుంచి వినిపిస్తాయి, బండి నిలబడిపోతుంది. ఇది చూసి రిమోట్ పాడైందనుకుంటారు. అసలు తప్పు పట్టా మీద ఉంటుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, పిన్నిగారి అబ్బాయో తెచ్చిన సెట్ అయితే ప్లగ్‌లో పెట్టే ముందు అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని రాసి ఉన్న లైను చదవండి. 100-240 ఓల్టులు అని ఉంటే భయం లేదు. 120 ఓల్టులు అని మాత్రమే ఉంటే మన 230 ఓల్టులకు అస్సలు తగిలించకండి. ప్లగ్ మార్చే పిన్ను పెట్టినంత మాత్రాన ఓల్టేజీ మారదు. అంతే అవుట్‌పుట్ ఓల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, పిన్నులో ప్లస్ మైనస్‌లు అదే వైపు ఉన్న మన అడాప్టర్ కావాలి. పాత అడాప్టర్‌ను డాబాగార్డెన్స్ వైపు ఏదైనా ఎలక్ట్రానిక్స్ షాపుకు పట్టుకెళ్ళి చూపించడం మంచిది, నోటితో చెబితే పొరపాట్లు జరుగుతాయి.

నేల చూసుకోండి

మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీకి, డాబాకి, ఒక్కోచోట హాలు గుమ్మం దగ్గర కూడా నీళ్ళు పోవడానికి వాటం ఇస్తారు. నడిచే మనకు అది తెలియదు. ట్రైన్‌కు బాగా తెలుస్తుంది. ప్రతి రౌండులోనూ ఒకే వైపు నెమ్మదించి, ఎదుటి వైపు పరుగెత్తుతోందంటే ఇంజన్‌ను అనుమానించకండి. పట్టాలు తీసి అక్కడ ఒక గోలీ పెట్టండి. అది దొర్లిందంటే వాటం ఉన్నట్టే. పట్టాలను గది మధ్యకు జరపండి, లేదా వెడల్పాటి ప్లైవుడ్ చెక్క మీద బిగించి ఒక వైపు అట్టముక్కలు పెట్టి సమం చేయండి.

వాలు ఎంత పని పెడుతుందో తెలుసుకోవాలంటే మన కొత్తవలస–కిరండూల్ లైను చూడండి. సముద్రమట్టానికి దగ్గరలో మొదలైన రైలు సిమిలిగూడ స్టేషన్ చేరేసరికి 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఆ ఘాట్‌లో ఇనుప ఖనిజం రైళ్ళకు ఒక్క ఇంజన్ సరిపోదు. రెండు చిన్న సెల్స్‌తో నడిచే బొమ్మ ఇంజన్‌కు అర అంగుళం ఎత్తు కూడా ఘాటే. వంతెన ముక్కలు వచ్చిన సెట్లలో బండి ఎక్కలేకపోతే ఎత్తు తగ్గించండి, ఎక్కే దారిని పొడవు చేయండి, ఒక బోగీ తీసేయండి.

తివాచీ మీద పట్టాలు పరవకండి. నూలు పోగులు, తలవెంట్రుకలు ఇరుసులకు చుట్టుకుని గేర్లలోకి పోతాయి. టైల్స్ మీద పట్టాలు జారుతున్నాయంటే కింద షెల్ఫుల్లో పరిచే జారని రబ్బరు షీటు ముక్కలు పెట్టండి. ఎండ నేరుగా పడే చోటు కూడా వద్దు, కారణం రిమోట్ దగ్గర చెబుతాను.

పట్టాలు కలపడం

ప్రతి అతుకు మీద గోరు పెట్టి నెమ్మదిగా గీయండి. గోరు తట్టుకున్న చోట చక్రం కూడా తట్టుకుంటుంది. బోగీలు పడిపోయేది చాలాసార్లు అక్కడే. ముక్కలు విప్పి, కింద గట్టి నేల ఆనించి, రెండు చేతులతో నేరుగా నొక్కి మళ్ళీ కలపండి. ఎడమ మలుపు అయిన వెంటనే కుడి మలుపు పెట్టకండి, మధ్యలో ఒక తిన్నని ముక్కైనా ఉండాలి. స్థలం ఉంటే వలయం పెద్దది చేయండి. మలుపు ఎంత బిగువుగా ఉంటే చక్రాల రాపిడి అంత పెరుగుతుంది, ఇంజన్ లాగగలిగే బోగీలు అంత తగ్గుతాయి.

లోహపు పట్టాల సెట్లో అడాప్టర్ తగిలించిన చోటు నుంచి దూరమయ్యేకొద్దీ బండి నెమ్మదిస్తే, అతుకుల్లో కరెంటు నష్టపోతున్నట్టు. మల్టీమీటర్ ఉంటే బండి నడుస్తుండగా దగ్గర్లోను, వలయానికి అవతలి చివరన కూడా ఓల్టేజీ చూడండి. తేడా బాగా ఉంటే వదులైన అతుకులు బిగించండి. అప్పటికీ పోకపోతే అవతలి చివరకు అదే అడాప్టర్ నుంచి రెండో జత తీగలు ఇవ్వండి. ఏ పట్టాకు ఏ తీగ అన్నది మొదటి జతలో ఉన్నట్టే ఉండాలి, తారుమారైతే షార్ట్ అవుతుంది.

సెల్స్: అసలు గొడవ చాలావరకు ఇక్కడే

బండి కదలబోతుంది, అంతలో హెడ్‌లైటు మసకబారి ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది, కానీ బండి అక్కడే ఉంటుంది. రిమోట్ మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే తంతు. దీనికి కారణం తెలిస్తే సగం సమస్యలు తీరిపోతాయి. ఆగి ఉన్న మోటార్ కదిలే క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. బలహీనమైన సెల్ అంత కరెంటు ఇవ్వలేక ఓల్టేజీ పడిపోతుంది. రిమోట్ సిగ్నల్ అందుకునే సర్క్యూట్‌కు కావలసిన కనీస ఓల్టేజీ కూడా మిగలదు. అది ఆగిపోయి, మోటార్ ఆగగానే మళ్ళీ లేస్తుంది. అదే సెల్‌ను బయటకు తీసి మల్టీమీటర్‌తో చూస్తే బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు అది మోటార్‌ను నడపడం లేదు.

గోడ గడియారానికి వేసే మామూలు పెన్సిల్ సెల్స్ ట్రైన్‌కు పనికిరావు. అవి కొద్దికొద్దిగా కరెంటు ఇవ్వడానికి చేసినవి. ఆల్కలైన్ సెల్స్ వేయండి, లేదా నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ కొనుక్కోండి. నా ఓటు రీఛార్జబుల్‌కే. ఆల్కలైన్ సెల్ 1.5 ఓల్టుల దగ్గర మొదలై వాడేకొద్దీ దిగుతూ పోతుంది, అందుకే కొత్త సెల్స్ వేసిన రోజు బండి మలుపులో పడిపోయేంత వేగంగా పోయి, తర్వాత నీరసపడుతుంది. రీఛార్జబుల్ సెల్ 1.2 ఓల్టులే ఇస్తుంది గానీ చార్జింగ్ అయిపోవచ్చే వరకు దాదాపు అక్కడే నిలబడుతుంది. నాలుగు సెల్స్ సెట్లో 6 ఓల్టులకు బదులు 4.8 వస్తాయి కాబట్టి గరిష్ఠ వేగం కొంత తగ్గుతుంది. చిన్న గదిలో బిగువు మలుపుల మీద తిరిగే బండికి అది మంచిదే. అయితే తయారీదారు రీఛార్జబుల్ సెల్స్ వేయవద్దని రాసి ఉంటే ఆ మాట వినండి, కొన్ని సర్క్యూట్లు 4.8 ఓల్టులకు సరిగ్గా లేవవు.

పాత సెల్స్‌తో కొత్తవి, ఒక రకంతో ఇంకో రకం కలపకండి. అన్నిటికంటే నీరసంగా ఉన్న సెల్ ముందు ఖాళీ అయి, మిగతావి దానిలోంచి బలవంతంగా కరెంటు నెట్టడంతో అది కారిపోతుంది. అచ్చం పెన్సిల్ సెల్ సైజులోనే 3.7 ఓల్టుల లిథియం సెల్స్ కూడా దొరుకుతాయి. పొరపాటున అవి వేస్తే ఓల్టేజీ రెండింతలు దాటి సర్క్యూట్ కాలిపోతుంది. రిమోట్‌లో గుండీ సెల్ ఉంటే మూత స్క్రూ ఎప్పుడూ బిగించే ఉంచండి. పిల్లలు మింగితే ప్రాణాపాయం. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సెల్స్ మార్చినా తేడా లేకపోతే అవి ఆనే స్ప్రింగులు చూడండి. పచ్చగా చిలుము గానీ, తెల్లని పొడి గానీ కనిపిస్తే కరెంటు అక్కడే ఆగుతోంది. ఇయర్ బడ్‌ను కాస్త వెనిగర్‌లో ముంచి రుద్ది, వెంటనే తడి బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇంజన్‌ను చేతిలోకి తీసుకోండి

సెల్స్‌తో నడిచే ఇంజన్‌ను బోగీల నుంచి విడదీసి, తలకిందులు చేసి పట్టుకుని రిమోట్ నొక్కండి. చక్రాలు గాల్లో సాఫీగా తిరుగుతున్నాయా? అయితే మోటార్, గేర్లు, రిమోట్ అన్నీ బాగున్నాయి, తప్పు నేలలోనో పట్టాల్లోనో బోగీల్లోనో ఉంది. గాల్లో కూడా కుదుపుతూ తిరుగుతుంటే ఇరుసుల చుట్టూ వెంట్రుకలు ఉన్నాయేమో చూడండి. పట్టకారుతో లాగితే రాకపోతే చిన్న కత్తెరతో కత్తిరించి తీయండి. టిక్ టిక్ అని చప్పుడు చేస్తూ లోపల మోటార్ తిరుగుతున్నా చక్రాలు తిరగకపోతే గేరు పన్ను విరిగింది, లేదా గేరు ఇరుసు మీద వదులైంది.

చక్రాలు తిరుగుతూనే బండి పట్టా మీద జారుతూ నిలబడిపోతే చక్రాలకున్న రబ్బరు రింగులు చూడండి. నూనె అంటినా, ధూళి పట్టినా అవి పట్టు కోల్పోతాయి. తడిగుడ్డతో తుడవండి. బరువైన బోగీని ఇంజన్ పక్కన, తేలికైనవాటిని వెనక పెట్టండి. బోగీలను ఒక్కొక్కటిగా వేలితో తోసి చూడండి. మిగతావి దొర్లుతుండగా ఒకటి ఈడ్చుకుపోతోందంటే మొత్తం బండిని ఆపుతున్నది అదే.

ఒక చిన్న కొలత రాసి పెట్టుకోండి

అంతా సరిగ్గా ఉన్న రోజున బండి ఒక రౌండు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూసి డబ్బా మూత మీద రాయండి. తర్వాత ‘నెమ్మదించినట్టుంది’ అనిపించినప్పుడు ఆ అంకెతో పోల్చవచ్చు.

స్కేలు ప్రకారం, అంటే నిజమైన రైలును ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన సెట్ అయితే నిజమైన రైలు వేగంతోనూ పోల్చి చూడవచ్చు. 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న వలయం చుట్టుకొలత దాదాపు 2.87 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగానికి సరిపోవాలంటే 87వ వంతు సైజులో చేసే ‘హెచ్‌ఓ’ స్కేలు బండి ఆ వలయాన్ని దాదాపు 15 సెకన్లలో చుట్టాలి, 48వ వంతు సైజులో చేసే ‘ఓ’ స్కేలు బండి 8 సెకన్లు దాటాక చుట్టాలి. పిల్లలు సాధారణంగా ఇంతకు రెండింతల వేగంతో నడిపి, మలుపులో పడేసి, బండి మంచిది కాదంటారు. ఈ లెక్క వాళ్ళ చేతే చేయించండి, వేగం వాళ్ళే తగ్గిస్తారు.

చాలా చవక ఇంజన్లలో మొదటి స్పీడు నొక్కితే ఏమీ జరగదు, రెండోదానికి ఒక్కసారిగా ఉరుకుతుంది. ఇది జబ్బు కాదు. ఆగి ఉన్న మోటార్‌ను కదిలించడానికి కావలసిన బలం, కదిలాక నడపడానికి కావలసినదాని కంటే ఎక్కువ. రెండోదానితో కదిలించి వెంటనే మొదటిదానికి తగ్గించడం అలవాటు చేసుకోండి. కొత్త ఇంజన్‌ను బోగీలు లేకుండా అరగంట ముందుకు, కాస్త చల్లారనిచ్చి అరగంట వెనక్కి మధ్యస్థ వేగంతో నడిపితే గేర్లు ఒకదానికొకటి అలవాటుపడి ఈ ఉరుకు కొంత తగ్గుతుంది.

రిమోట్

రిమోట్లు రెండు రకాలు, కంటికి కనిపించని వెలుగుతో పనిచేసే ఇన్‌ఫ్రారెడ్, రేడియో. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ టీవీ రిమోట్ లాంటిది, ఎదురుగా ఉండాలి. కిటికీ నుంచి ఎండ నేరుగా బండి మీద పడితే ఆ వెలుగులో సిగ్నల్ మునిగిపోతుంది. ఉదయం పనిచేయని బండి సాయంత్రం చక్కగా నడిచిందంటే కారణం ఇదే కావచ్చు. రిమోట్ సిగ్నల్ ఇస్తోందో లేదో చూడాలంటే ఫోను సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ బల్బును దానికి చూపిస్తూ నొక్కండి. కంటికి కనిపించని వెలుగు చాలా ఫోన్ల తెర మీద ఊదారంగులో మినుకుమంటుంది.

అరకు రైలెక్కి వచ్చిన పిల్లలు సొరంగం కావాలని తప్పక అడుగుతారు. అట్టపెట్టెతో చేసివ్వండి. కానీ ఇన్‌ఫ్రారెడ్ బండి లోపలున్నంతసేపు రిమోట్ మాట వినదు. కాబట్టి సొరంగం పొట్టిగా ఉండాలి, ఆపాలంటే బండి బయటకు వచ్చే వరకు ఆగాలని పిల్లలకు ముందే చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, బ్లూటూత్ సెట్లకు ఈ ఇబ్బంది లేదు, అట్టను అవి దాటుతాయి. అందం కోసం లోపల అల్యూమినియం ఫాయిల్ మాత్రం అంటించకండి.

రేడియో సెట్లకు వేరే పేచీలున్నాయి. నొక్కిన అర సెకను తర్వాత స్పందిస్తే వైఫై రౌటర్ పక్కనే ఉందేమో చూడండి, అదీ ఇదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది. ఇనుప బీరువా పక్కన మూల కాకుండా గది మధ్యలో నడిపి చూడండి. ఆన్ చేసే వరుసను చాలా సెట్లు పట్టించుకుంటాయి. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చేయండి. పుస్తకం పోతే ముందు ఇంజన్, తర్వాత రిమోట్ ఆన్ చేసి చూడండి, కుదరకపోతే తిరగేసి ప్రయత్నించండి. కాసేపు ముట్టుకోకపోతే కొన్ని ఇంజన్లు సెల్స్ ఆదా చేయడానికి వాటంతటవే నిద్రపోతాయి, స్విచ్ ఆపి వేస్తే లేస్తాయి. స్పీడు తగ్గించినా బండి మెల్లగా ఆగడం కూడా లోపం కాదు, నిజమైన రైలులా ఉండాలని కొన్నిటిలో అలా పెడతారు.

దిశ మార్చే ముందు బండిని పూర్తిగా ఆపండి. పరుగులో ఉండగా వెనక్కి నొక్కితే గేర్ల మీద దెబ్బ పడుతుంది. ఇక వెనక్కి నడిపితే బోగీలు పడిపోవడం గురించి: లాగేటప్పుడు కొక్కేలు బోగీలను వరుసలో ఉంచుతాయి, తోసేటప్పుడు మలుపులో వాటిని బయటకు నెడతాయి. తేలికైన ప్లాస్టిక్ బోగీలు ఆ తోపుకు ఆగవు. దీనికి మంచి మందు మన విశాఖ స్టేషన్లోనే ఉంది. విజయవాడ వైపు నుంచి వచ్చి ఒడిశా వైపు వెళ్ళే చాలా రైళ్ళకు ఇక్కడ దిశ మారుతుంది కదా, ఒక చివర ఇంజన్ తీసి రెండో చివర ఇంజన్ తగిలిస్తారు. పిల్లల చేత అదే చేయించండి. ఇంజన్ విప్పి, చేత్తో ఎత్తి అవతలి చివర తగిలిస్తే బండి వెనక్కి కూడా లాగుడు మీదే వెళ్తుంది. తెలిసిన స్టేషన్ పని కాబట్టి పిల్లలకు ఆటా పెరుగుతుంది.

ఉప్పుగాలి, ధూళి

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్ళలో కిటికీ ఊచలకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో మీకు తెలుసు. గాలిలోని ఉప్పు పట్టాల మీద చేరి తేమను పీల్చుకుంటుంది. ఉక్కు పట్టాలకు తుప్పు, ఇత్తడి పట్టాలకు చిలుము పడతాయి. కొత్తగా కొనేవాళ్ళు నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) పట్టాలున్న సెట్ దొరికితే అదే తీసుకోండి, డబ్బు కొంచెం ఎక్కువైనా సరే. పోర్టుకు దగ్గరగా, జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు ఉన్నవాళ్ళకు నల్లటి ధూళి ఇంకో బెడద. అది ఇరుసుల నూనెతో కలిసి చక్రాల అంచున నల్లని పూతగా గట్టిపడుతుంది, దాని మీదుగా కరెంటు సరిగ్గా రాదు.

శుభ్రం చేయడానికి ముందు కరెంటు తీసేయండి. మొబైల్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తని గుడ్డ తడిపి పట్టాల పైభాగం, లోపలి అంచు తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగే వరకు తుడవాలి. చక్రాలకు ఇయర్ బడ్ వాడండి. అది మండే ద్రవం కాబట్టి వంటింటికి దూరంగా చేయండి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. ఉప్పుకాగితంతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది. గిన్నెలు తోమే స్టీల్ పీచు అసలే వద్దు, దాని రజను మోటార్‌లోని అయస్కాంతానికి అతుక్కుని లోపల షార్ట్ చేస్తుంది. ఇత్తడి గిన్నెలకు పనికొచ్చే చింతపండు కూడా ఇక్కడ వద్దు. పులుపు అతుకుల్లో మిగిలిపోయి లోహాన్ని తింటుంది.

నూనె వేయవలసింది ఇరుసు చివరల్లో మాత్రమే, సూది మొనకు అంటినంత. ప్లాస్టిక్‌కు హాని చేయని తేలిక నూనె కావాలి. కొబ్బరినూనె పోస్తే చలికాలంలో పేరుకుపోతుంది, మిగతా కాలంలో ధూళిని జిగురులా పట్టుకుంటుంది.

ఆట అయ్యాక సెల్స్ తీసేయండి. పట్టాలు, ఇంజన్ మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఏసీ గదిలో ఉంచిన సెట్‌ను బాల్కనీలోకి తెచ్చి వెంటనే నడపకండి, చల్లని లోహం మీద తేమ చెమటలా పడుతుంది. అరగంట ఆగితే చాలు. అటక మీద మాత్రం పెట్టకండి, వేసవి వేడికి రబ్బరు రింగులు సాగి వదులైపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా నడవకపోతే

కాలిన వాసన వచ్చినా, ఇంజన్ పైభాగం చేయి పెట్టలేనంత వేడెక్కినా అక్కడితో ఆపేయండి. అప్పుడే మోటార్‌ను అనుమానించాలి. సెల్స్‌తో నడిచే చాలా బొమ్మ ఇంజన్లలో ఉండేది 130 అనే సైజు చిన్న మోటార్, అది విడిగా తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంజన్ కింది స్క్రూలు విప్పే ముందు ఫోటో తీసుకోండి, ఏ రంగు తీగ ఎటు ఉందో కనిపించేలా. తీగలు తారుమారైతే ముందుకు నొక్కినప్పుడు బండి వెనక్కి వెళ్తుంది, అంతకంటే నష్టం లేదు, తీగలు మార్చి అతికిస్తే సరిపోతుంది. కొత్తది కొనడానికి వెళ్ళేటప్పుడు పాత మోటార్‌ను దాని చివరనున్న చిన్న గేరుతో సహా వెంట తీసుకెళ్ళండి. గేరు పళ్ళు సరిపోని మోటార్ కొంటే మళ్ళీ వెళ్ళాల్సి వస్తుంది.